నేను కూడా ఫ్రిజ్ మెకానిక్‌నే

నాన్న షాపులో నాకు మొదట అప్పజెప్పిన పని సబ్బు నురుగు రాయడం. రాగి గొట్టాలకు అతుకులు వేశాక లోపలికి నైట్రోజన్ ఎక్కించి, పాత షేవింగ్ బ్రష్‌తో అతుకు అతుక్కీ నురుగు పూయాలి. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ లీకు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బుడగకు అర్ధరూపాయి ఇచ్చేవాడు. అందుకని లేని బుడగలు కూడా చూపించేదాన్ని.

పర్లాకిమిడి బజారులో ఆ షాపు ఇప్పటికీ ఉంది. సంక్రాంతికి ఇంటికొచ్చి, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. లాబ్‌లో మా ఫ్రిజ్ నిన్న సాయంత్రం ఆన్ చేశారు. అది చల్లబడడానికి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఎవరూ చేసేదేమీ లేదు, ఫోన్లో ఉష్ణోగ్రత చూసుకోవడం తప్ప. ఇప్పుడు 170 కెల్విన్ ఉంది. సెల్సియస్‌లో చెప్పాలంటే సున్నాకి వంద డిగ్రీల కింద. మాకది ఇంకా వేడే.

నేను క్వాంటమ్ కంప్యూటర్లకు చిప్పులు చేసే పనిలో ఉన్నాను. మామూలు కంప్యూటరుకు బిట్ ఎలాగో వీటికి క్యూబిట్ అలాగ, లెక్క చేసే అతి చిన్న ముక్క. వీధిలో వాళ్ళు "కంప్యూటరు ఉద్యోగమేనా అమ్మా, సాఫ్ట్‌వేరా?" అని అడిగేవాళ్ళు. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అనీ, అందులో ఐబీఎం వాళ్ళ 156 క్యూబిట్ల యంత్రం పెడతారనీ 2025లో ప్రకటించాక ప్రశ్న మారింది. "మా వోడికి అక్కడేటైనా వేయించగలవేటి?" అంటున్నారు. వేయించలేను. ఈ పని రోజూ ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. టీవీలో చూపించే బంగారు దీపాల గుత్తి లాంటి బొమ్మ చూసి ఎవరికీ అది అర్థం కాదు.

మాది ఒడిషా. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్ళింది. కూతవేటు దూరంలో పాతపట్నం, అది ఆంధ్రా. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో పుట్టి కూడా నాకు తెలుగు అక్షరాలు బళ్ళో దొరకలేదు, నాన్నమ్మ పలక మీద దిద్దించింది. ఒడియాలో ఫిజిక్స్‌ను పదార్థ విజ్ఞానం అంటారు. చిన్నప్పుడు ఆ మాట గురించి ఆలోచించలేదు. ఇప్పుడు భౌతికశాస్త్రం అనే మాట కన్నా అదే మా పనికి సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది. మా గొడవంతా పదార్థంతోనే.

పలాస వెళ్ళి రైలెక్కి బరంపురం, అక్కడ బీఎస్సీ. 2012లో హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ. ఒడిషాలో తెలుగువాళ్ళం, తెలుగు గడ్డ మీద నాన్‌లోకల్. క్వాంటమ్ మెకానిక్స్‌లో నావి మధ్యస్థం మార్కులే. 2014లో పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో బోర్డు మీద ఒక లెక్క ఇచ్చారు. సగంలో ఆగిపోయాను. చెమటలు పట్టేశాయి. ఆ చివర కూర్చున్న ఒకాయన "పోనీ, నీ చేత్తో ఎప్పుడైనా ఏదైనా బాగు చేశావా?" అని అడిగారు. ఫ్రిజ్‌లకు గ్యాస్ ఎక్కించాను అన్నాను. గ్యాస్ ఎక్కించే ముందు వేక్యూమ్ ఎందుకు కొట్టాలి అని అడిగారు. లోపల తేమ మిగిలితే కేపిలరీ అనే సన్న గొట్టం మూతి దగ్గర గడ్డకట్టి చోక్ అవుతుంది, అందుకు అని చెప్పాను. ఇంకో ఇరవై నిమిషాలు పంపుల గురించే మాట్లాడుకున్నాం. సీటు వచ్చింది.

ఫెలోషిప్ అప్పట్లో నెలకు 25,000. నెలనెలా వచ్చేది కాదు. ఒకసారి ఏడు నెలలు ఆగి ఒకేసారి పడింది. కాగితాలు పంపిన ఆఫీసుకి ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అనేవాళ్ళు. నాన్నను అడగడానికి సిగ్గేసి రూమ్మేట్ దగ్గర అప్పు చేశాను. ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలకు ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు, అందుకే రాస్తున్నాను.

ఇక పని. మేం చేసే క్యూబిట్ ఒక చిన్న సర్క్యూట్. సిలికాన్ ముక్క మీద రెండు లోహపు పలకలు, వాటి మధ్య ఒక జోసెఫ్సన్ జంక్షన్. దీన్ని ట్రాన్స్‌మాన్ అంటారు, 2007లో యేల్ విశ్వవిద్యాలయంలో పుట్టిన డిజైన్. దీని రెండు స్థితుల మధ్య తేడా 5 గిగాహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. వేడి లెక్కలోకి మారిస్తే అది కెల్విన్‌లో పావు వంతు కూడా కాదు. మన గది 300 కెల్విన్. జాతరలో నాలుగు మైకులు మోగుతుంటే పక్కవాడి గుసగుస వినడం లాంటిది. అందుకని చిప్‌ను 10, 20 మిల్లీకెల్విన్ దాకా, అంటే కెల్విన్‌లో వెయ్యో వంతుల్లోకి, దించాలి. తారల మధ్య ఖాళీ కూడా 2.7 కెల్విన్ ఉంటుంది. మా పెట్టెలో దానికన్నా వంద రెట్లు చలి.

జంక్షన్ అంటే రెండు అల్యూమినియం పొరల మధ్య ఒకటి, రెండు నానోమీటర్ల ఆక్సైడ్. ఆ అడ్డులోంచి ఎలక్ట్రాన్ల జంటలు దూరిపోతాయని బ్రయన్ జోసెఫ్సన్ 1962లో, ఇరవై రెండేళ్ళ వయసులో లెక్క వేసి చెప్పాడు. దాన్ని చేసే విధానం నాకు ఇప్పటికీ అప్పడాల పిండి గుర్తుకు తెస్తుంది, తేడా వస్తే ఎక్కడొచ్చిందో చివరిదాకా తెలియదు. సిలికాన్ మీద రెసిస్ట్ అనే ప్లాస్టిక్ లాంటి పూత రెండు పొరలు పూసి, ఎలక్ట్రాన్ పుంజంతో ఆకారం రాసి, రాసినచోట కరిగిస్తాం. కింది పొర ఎక్కువ కరిగి, పైపొర చిన్న వంతెనలా గాల్లో నిలుస్తుంది. ముక్కను ఒక పక్కకి వంచి అల్యూమినియం ఆవిరి పట్టిస్తాం. తర్వాత కొలిచి కొంచెం ఆక్సిజన్ వదిలి పది నిమిషాలు ఊరికే కూర్చుంటాం. ఆ పది నిమిషాల్లో పట్టే తుప్పే అసలు సరుకు. మళ్ళీ రెండో పక్కకి వంచి ఇంకో పొర. వంతెన నీడలో రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట జంక్షన్ తయారవుతుంది. నిడివి ఇటూ అటూ 200 నానోమీటర్లు. ఆక్సిజన్ ఒత్తిడి కాస్త అటూ ఇటూ అయితే క్యూబిట్ పౌనఃపున్యం ఇంకెక్కడికో పోతుంది.

నా మొదటి చిప్ మీద ఇరవై నాలుగు జంక్షన్లు. గది ఉష్ణోగ్రత దగ్గరే వాటి నిరోధం కొలిస్తే, చల్లబడ్డాక ఎలా పనిచేస్తాయో ముందే అంచనా వేయొచ్చు. ఏడు కిలోఓమ్‌లు రావాలి. లాబ్ మీటరు సీనియర్ చేతిలో ఉంది. నా సంచిలో నాన్న ఇచ్చిన మల్టీమీటరు ఉంది. రిలే కాలిందో లేదో, వైండింగ్ తెగిందో లేదో చూసే మీటరు. పెట్టాను. 7.2 చూపించింది. ఆనందం పట్టలేక సీనియర్‌ను కేకేసి, తనకు చూపించడానికి మళ్ళీ పెట్టాను. షార్ట్. పక్కది పెట్టాను, మొదట బాగుంది, రెండోసారి షార్ట్. చిప్ బాగాలేదనుకుని అన్నీ అలాగే కొలుచుకుంటూ పోయాను. పందొమ్మిది పోయాక సీనియర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మామూలు మీటరు ఓమ్‌లు కొలవడానికి తన బ్యాటరీ నుంచి వోల్టు, రెండు వోల్టులు వదులుతుంది. ఒక నానోమీటరు అడ్డుకు అందులో సగం చాలు. మూడు వారాల పని పావుగంటలో చంపాను. మిగిలిన అయిదింటిలో ఒకదాన్ని, చేతికి ఎర్త్ పట్టీ కట్టుకోకుండా ముట్టుకుని, మర్నాడు చంపాను. చలికాలం, ఒంటి మీద ఉన్ని స్వెట్టరు, దాని స్టాటిక్ కరెంటే చాలింది.

(ఇప్పుడే చూశాను. 38 కెల్విన్. అమ్మ భోగి మంట దగ్గరికి రమ్మంటోంది.)

మా ఫ్రిజ్ గురించి నాన్నకు మొదటిసారి ఫోన్లో చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. మన ఫ్రిజ్‌లో గ్యాసు ద్రవమై, మళ్ళీ ఆవిరవుతూ వేడి లాక్కుంటుంది కదా. దీంట్లో హీలియం-3, హీలియం-4 అని రెండు రకాల హీలియం కలిపి పోస్తారు. 0.87 కెల్విన్ కిందికి దిగాక ఆ మిశ్రమం నూనె, నీళ్ళలా విడిపోతుంది. పైన తేలే హీలియం-3 కింది పొరలోకి దిగినప్పుడల్లా కొంత వేడి పట్టుకుపోతుంది. కింది పొరలోంచి దాన్ని పంపుతో లాగి, చల్లబరిచి మళ్ళీ పైకే పంపుతూ ఉండాలి. అదే తిరగలి. హీలియం-3 లీటరు వాయువు ఖరీదు లక్ష దాటుతుంది అని చెప్తే నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కంప్రెసరుందా?" అన్నాడు. ఉంది, 4 కెల్విన్ దాకా అదే దించుతుంది అన్నాను. "కేపిలరీ?" అలాంటిదే ఉంది, మేం ఇంపీడెన్స్ అంటాం అన్నాను. "అయితే చోక్ అవుద్ది" అన్నాడు.

అయింది. 2016లో ఒక రాత్రి హీలియం వెళ్ళే దారిలో ఒత్తిడి పెరుగుతోంది, ప్రవాహం తగ్గుతోంది, చిప్ దగ్గర ఉష్ణోగ్రత మెల్లగా పైకి పాకుతోంది. అంతకు నాలుగు రోజుల ముందు కూడా ఇలాగే అయితే కొంచెం వేడెక్కించి మళ్ళీ చల్లబరిచాం. గైడ్ ఊళ్ళో లేరు. రాత్రి పదకొండింటికి ఇంటికి ఫోన్ చేశాను.

"ఒకసారి వేడి చేస్తే వదిలీసి మళ్ళీ పట్టిందంటే చెత్త కాదమ్మా. తేమే. గాలెక్కడో లాగుతోంది. నువ్వు చోక్ చూస్తన్నావు, లీకు చూడు" అన్నాడు.

మాకది తేమ కాదు, గాలి. నైట్రోజన్ 63 కెల్విన్ దగ్గరే గడ్డకడుతుంది. ఇంకా కిందకి, 4 కెల్విన్ దాకా వెళ్తే హీలియం తప్ప ఏదీ పారదు. ద్రవ నైట్రోజన్‌లో ముంచిన బొగ్గు ట్రాప్ ఆ గాలిని పట్టుకోవాలి. మా ట్రాప్ నాలుగు రోజులకే నిండిపోతోందంటే లోపలికి గాలి వస్తూనే ఉన్నట్టు. మొత్తం ఫ్రిజ్ గది ఉష్ణోగ్రతకు తెచ్చి, మిశ్రమాన్ని ట్యాంకులోకి దాచి, లీక్ డిటెక్టర్ తగిలించాం. అది సెకనుకు ఒక ఘన సెంటీమీటరులో వంద కోట్లో వంతు హీలియం చొరబడినా పట్టేస్తుంది. అతుకు అతుక్కీ బయట సన్నటి గొట్టంతో హీలియం చల్లుకుంటూ పోవాలి. మూడు రోజులు చల్లాను. మూడో రోజు సాయంత్రం పంపు మూతి దగ్గర క్లాంప్ మీద చల్లగానే మీటరు చప్పున లేచింది. విప్పి చూస్తే రబ్బరు రింగు మీద అడ్డంగా ఒక పొడుగాటి వెంట్రుక.

ఆ క్లాంప్ బిగించింది నేనే. లాబ్‌లో అంత జుట్టు ఇంకెవరికీ లేదు.

ఆ మాట గైడ్‌కు చెప్పేటప్పుడు గొంతు పెగల్లేదు. ఆయన తిట్టలేదు, తలకు టోపీ కొనుక్కోమన్నారు. నాన్న మాత్రం పగలబడి నవ్వి, "మేం లోపల్నుంచి బయటికి ఎతుకుతాం, మీరు బయట్నుంచి లోపలికి ఎతుకుతారు. అంతే తేడా" అన్నాడు.

క్యూబిట్ మొదటిసారి పలికింది 2017లో. దాన్ని పైస్థితికి లేపి, కాసేపు ఆగి, ఇంకా ఉందా పడిపోయిందా అని అడుగుతాం. వేల సార్లు అడిగి గీత గీస్తే సగటున ఎంతసేపు నిలిచిందో తెలుస్తుంది. దాన్ని టీ-వన్ అంటారు. నాది రెండు మైక్రోసెకన్లు. బయట అప్పటికే కొన్నిచోట్ల యాభై, వంద చూస్తున్నారు. పార్టీ గీర్టీ ఏమీ లేదు. చిప్ పెట్టే డబ్బా లోపల నల్లటి పూత వేసి, ఫ్రిజ్‌లో ఇంకాస్త వెచ్చగా ఉండే పై అంచెల నుంచి కారే పరారుణ కాంతిని ఆపాక తొమ్మిది అయింది. అంతవరకు మా డబ్బా మూతలో సందు ఉన్నట్టు ఎవరికీ తోచలేదు. అది కూడా లీకే, వెలుతురు లీకు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వైపు విరుచుకుపడింది. ఆ రోజు ఫ్రిజ్‌లో ఉన్న చిప్‌కు ముప్పై ఎనిమిది మైక్రోసెకన్లు వచ్చింది, అప్పటికి నా చేతి మీద అదే ఎక్కువ. తెర మీద గీత చక్కగా కిందికి వంగుతోంది, నేను ఇంటికి ఫోన్ కొడుతూనే ఉన్నాను. స్విచాఫ్. నాలుగు రోజులు. పలాసలో తెలిసినవాళ్ళవీ మోగడం లేదు. అయిదో రోజు ఎవరి ఫోన్ నుంచో నాన్న మాట్లాడాడు. షాపు రేకులు ఎగిరిపోయాయి, అందరం బాగున్నాం, నువ్వు రాకు, వచ్చినా తాగడానికి నీళ్ళుండవు అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు నీళ్ళలో నానిన ఫ్రిజ్‌లు బాగుచేశాడు, చాలావాటికి డబ్బు తీసుకోలేదని అమ్మ చెప్పింది. నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం ఆ వారం కొలతలతోనే నిండింది. వాటిని చూస్తే ఇప్పటికీ నాకు స్విచాఫ్ గొంతే వినిపిస్తుంది.

ఆ ముప్పై ఎనిమిది కూడా నిలకడగా ఉండేది కాదు. పొద్దున ముప్పై ఎనిమిది, మధ్యాహ్నం పదిహేను, రాత్రి ముప్పై. ఏమీ ముట్టుకోకుండానే. లోహం పైన పట్టిన ఆక్సైడ్‌లో, అంచుల్లో అస్తవ్యస్తంగా ఉన్న అణువుల లోపాలు క్యూబిట్ శక్తిని తాగేస్తుంటాయి. అవి తమ ఇష్టం వచ్చినట్టు మారుతుంటాయి. ఈ రంగంలో సిద్ధాంతం చాలా దూరం వెళ్ళింది, ఈ మురికి ఇంకా పూర్తిగా వదల్లేదు.

2020లో పీహెచ్‌డీ అయింది, కరోనా మధ్యలో యూరప్‌లో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం. మూడేళ్ళు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, చలి, బ్రెడ్డు, చిప్పులు చేసుకోవడానికి మంచి క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది). 2021లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు టాంటలం అనే లోహంతో టీ-వన్‌ను 0.3 మిల్లీసెకన్లు, అంటే 300 మైక్రోసెకన్లు, దాటించారు. దాని ఆక్సైడ్ కాస్త శుభ్రమైంది, గట్టి యాసిడ్లతో కడిగినా తట్టుకుంటుంది. అందరం టాంటలం వెనక పడ్డాం. నాకు ఆ మూడేళ్ళలో వచ్చిన విద్య కడగడం. ఏ యాసిడ్‌లో ఎన్ని నిమిషాలు, తర్వాత ఎన్నిసార్లు నీళ్ళు. ఇంట్లో గిన్నెలు తోమమంటే తప్పించుకునేదాన్ని అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

2023 ఏప్రిల్‌లో కేంద్రం జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 6,003 కోట్లు ఒప్పుకుంది. పోస్టులు పడ్డాయి. 2024లో ఒక జట్టులో చేరి తిరిగొచ్చేశాను. ఆ ఆగస్టులోనే పుణెలోని డీఆర్‌డీఓ లాబ్, ముంబయిలోని టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ), టీసీఎస్‌తో కలిసి 6 క్యూబిట్ల ప్రాసెసర్‌ను పూర్తిగా పరీక్షించినట్టు ప్రకటించాయి. ఆరేనా అని నవ్వినవాళ్ళను చూశాను. ఒక్కదాన్ని నిలబెట్టడానికి మూడేళ్ళు పట్టినదాన్ని, నాకు నవ్వు రాలేదు. మా జట్టులో రోజూ క్వాంటమ్ మెకానిక్స్ లెక్కలు వేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురే. మిగతావాళ్ళం వేక్యూమ్, మైక్రోవేవ్ తీగలు, కంప్రెసర్‌ను చల్లబరిచే చిల్లర్ నీళ్ళు, పవర్ బ్యాకప్ చూసుకుంటాం. వారాంతపు క్వాంటమ్ కోర్సులు అమ్మేవాళ్ళు ఈ పనులు నేర్పరు. ఐటీఐలో ఏసీ మెకానిక్ చదివిన ఒక కుర్రాడిని తీసుకుందామని నేను రెండేళ్ళుగా అడుగుతున్నాను, అర్హతల కాలమ్‌లో అతను ఇమడడం లేదు.

2025 అక్టోబరులో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లకు నోబెల్ వచ్చింది. చేత్తో పట్టుకోగలిగేంత సర్క్యూట్ కూడా అణువులాగే మెట్లు మెట్లుగా శక్తి తీసుకుంటుందని 1984, 85ల్లో బర్క్లీలో జోసెఫ్సన్ జంక్షన్‌తో చూపించినందుకు. ఆ రోజు నాన్నే ఫోన్ చేశాడు, టీవీలో "జంక్షన్" అన్న మాట పట్టుకుని. బయటి తీగల్లోంచి వచ్చే రొదను ఆపడానికి వాళ్ళు రాగి పొడి దట్టించిన ఫిల్టర్లు సొంతంగా చేసుకున్నారని చెప్పాను.

"రాగి పొడికి నోబెలేటి?" అన్నాడు.

"కొంతవరకు అంతే నాన్నా."

ఇదంతా రాసేసరికి పండగ సాయంత్రమైంది. నాన్న షాపు తీయడని పేరుకే, రెండు కంప్రెసర్లు ముందేసుకుని కూర్చున్నాడు. ఫోన్ చూస్తే 4 కెల్విన్ దాటింది, మిశ్రమం లోపలికి వెళ్ళింది, 11 మిల్లీకెల్విన్. ఒత్తిళ్ళు బాగున్నాయి. చోక్ లేదు. నాన్నకు చూపించాను, కళ్ళజోడు పైకెత్తి అంకె చూసి తలాడించాడు.

అరగంటకు లాబ్ నుంచి కుర్రాడి మెసేజ్: ఏడో లైన్‌లో సిగ్నల్ రావట్లేదు మేడమ్.

నా మొహం చూసి, "చోకా?" అన్నాడు నాన్న.

"కాదు. వైరు. లోపలెక్కడో కనెక్టరు వదులైనట్టుంది."

"తెరవాలా?"

"తెరవాలి. వేడెక్కడానికి రెండు రోజులు, మళ్ళీ చల్లబడ్డానికి రెండు రోజులు."

"అయితే కనుమకి ఉంటావు" అని మళ్ళీ బ్రేజింగ్ రాడ్ అందుకున్నాడు. అతుకు చల్లారాక నురుగు డబ్బా నా వైపు తోశాడు.